ఊక మాది, లెక్క ఎవరిది?

సాయంత్రం ఏడు గంటలకు అమీర్‌పేట మైత్రీవనం దగ్గర నిలబడి తల పైకెత్తి చూడండి. ఆకాశం కనిపించదు. కోచింగ్ సెంటర్ల బోర్డులే కనిపిస్తయి. ఒక్కో బోర్డుకు ఒక్కో రంగు లైటు. వాటి కింద నల్లగొండ పిల్లగాడు, పాలమూరు పిల్ల, ఆదిలాబాద్ నుంచి నిన్ననే దిగిన తమ్ముడు జిరాక్స్ మెటీరియల్ చంకన పెట్టుకొని నడుస్తుంటరు. విద్యుత్ సంస్థల్లో ఏఈ ఉద్యోగం కోసం చదివే వాళ్లు ఒక బిట్టు బట్టీ పడతరు. బయోమాస్ ఏ రకం ఇంధనం? జవాబు: పునరుత్పాదక ఇంధనం. ఒక మార్కు.

ఆ బిట్టుకు ఇంకో సగం ఉన్నది. దాన్ని ఏ గైడూ అచ్చు వేయదు. ఆ బయోమాస్ ఎవరి చేన్ల నుంచి వచ్చింది? దానికి ధర ఎవరు కట్టిండ్రు? ఆ పైసలు ఎవరికి ముట్టినయి? సర్కారు సంస్థలు దశాబ్దాలుగా బయోమాస్ కరెంటుకు మద్దతు ఇస్తున్నమని చెప్పుకుంటున్నయి. ఆ మద్దతు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో ఈ వారం చెప్పదలచుకున్నం.

తువ్వాలలో కట్టుకొచ్చిన చిట్టీలు

2006 ఎండాకాలం. అప్పుడు మేం అమీర్‌పేటలో ఒక హాస్టల్ రూములో నలుగురం సర్దుకొని ఉంటున్నం. ఒకనాడు పొద్దున్నే మా చిన్నాయన ఊరి నుంచి దిగిండు. తువ్వాలలో ముడేసి తెచ్చినవి పైసలు కావు, కాంటా చిట్టీలు. ఊరికి పది మైళ్ల దూరంలో బయోమాస్ ప్లాంటు పడ్డది. చెరువు శిఖంలో, బంజరులో పెరిగిన సర్కారు తుమ్మ కొట్టి తెస్తే కొంటరన్నరు. చిన్నాయన ఆరుగురు కైకిలోళ్లను పెట్టి తుమ్మ కొట్టించిండు. ట్రాక్టరు కిరాయికి మాట్లాడి పదకొండు ట్రిప్పులు తోలిండు. ప్లాంటు గేటు దగ్గర కాంటా అయింది, చిట్టీ ఇచ్చిండ్రు. పైసలు మాత్రం మధ్యలో ఉన్న కాంట్రాక్టరు ఇయ్యాలె. అడ్వాన్సు ఇచ్చిండు. తర్వాత ఫోను ఎత్తుడు బంద్ చేసిండు.

కంపెనీ పెద్దాఫీసు పంజాగుట్టలో ఉన్నదని తెలిసి ఇద్దరం పోయినం. అద్దాల బిల్డింగు, నాలుగో అంతస్తు. కూసోమన్నరు, మంచినీళ్లు ఇచ్చిండ్రు. అక్కౌంటెంటు రిజిస్టరు తెరిచి చూపించి, "మీ బాకీ మా దగ్గర లేదు పెద్దాయనా. కాంట్రాక్టరుకు మొత్తం ఇచ్చేశాం" అన్నడు. ఆయన అబద్ధం చెప్పలేదు. కాగితం మీద కంపెనీ చిన్నాయనతో ఏ బేరమూ చేయలేదు. గేటు దగ్గర తూచింది ఆయన తుమ్మే అయినా, బిల్లు మాత్రం కాంట్రాక్టరు పేరు మీద అయింది.

బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డం. చిన్నాయన అడిగిండు: "బిడ్డా, దీనికి సర్కారు ఆఫీసు ఏదన్న ఉంటదా?"

ఉండాలె కదా! మేం చదువుకున్నోళ్లం, మాకు తెలియాలె కదా! మనసులోనే బస్సెక్కి ఒక్కో ఆఫీసూ తిరిగి చూసినం. పంజాగుట్ట దాటి ఖైరతాబాద్ దిక్కు పోతే విద్యుత్ సౌధ. అంతకుముందు దాకా ప్లాంట్ల కరెంటు కొన్న ట్రాన్స్‌కో అక్కడ ఉన్నది. ఇంకొంచెం పోతే లక్డీకాపూల్ పక్కన రెడ్‌హిల్స్‌లో సింగరేణి భవన్. ఆ కరెంటుకు ధర కట్టే విద్యుత్ నియంత్రణ మండలి అప్పట్లో అక్కడ ఉండేది. ఇంకా ముందుకు పోతే నాంపల్లి పిస్గా కాంప్లెక్స్. ప్లాంటు పెట్టడానికి నోడల్ ఏజెన్సీగా తొవ్వ చూపే నెడ్‌క్యాప్ అక్కడ. అన్నీ ఒకే దారిలో, ఒక బస్సు టికెట్టు దూరంలో ఉన్నయి. ప్రతి ఆఫీసులోనూ బయోమాస్ ప్లాంట్లకు ఫైళ్లుంటయి. తువ్వాలలోని చిట్టీలకు మాత్రం ఫైలు లేదు. ప్లాంటుకు తుమ్మ తోలిన మనిషి పైసలు అందకపోతే ఎవరికి దరఖాస్తు పెట్టుకోవాలె అన్న ప్రశ్నను ఈ మొత్తం ఏర్పాటులో ఎవరూ ముందుగా వేసుకోలేదు.

చిన్నాయనను ఇమ్లీబన్‌కు తీసుకపోయి ఊరి బస్సెక్కించినం. ఆ చిట్టీలు ఇంకా మా ఇంట్లనే ఉన్నయి.

మద్దతు మొత్తం మెగావాట్‌కే

ఇది ఒక్క కాంట్రాక్టరు మోసం కథ అనుకుంటే పొరపాటు. వ్యవస్థను ఎట్ల కట్టిండ్రో చూడాలె.

1997 నవంబర్‌లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో 93 తెచ్చింది. సంప్రదాయేతర ఇంధన ప్లాంట్ల నుంచి యూనిట్ కరెంటును 2 రూపాయల 25 పైసల చొప్పున కొంటమని, ఆ ధరను ఏటా 5 శాతం పెంచుతమని చెప్పింది. తీగల మీద మోసినందుకు 2 శాతం వీలింగ్ చార్జీ చాలన్నది. బయటి కొనుగోలుదారులకు నేరుగా అమ్ముకోనిచ్చింది. ఆ భరోసాతోనే జిల్లాల్లో ఊక మీద, తుమ్మ మీద నడిచే నాలుగున్నర, ఆరు మెగావాట్ల ప్లాంట్లు లేచినయి.

2001 జూన్‌లో నియంత్రణ మండలి బయటి అమ్మకాలను ఆపి, కరెంటంతా ట్రాన్స్‌కోకే అమ్మాలన్నది. 2004 మార్చి 20న ధరల పద్ధతినే మార్చింది. స్థిర ఖర్చు వేరు, ఇంధనం ఖర్చు వేరు అని రెండు భాగాలు చేసింది. కంపెనీలు కోర్టుకెక్కినయి. హైకోర్టు, అప్పిలేట్ ట్రిబ్యునల్, సుప్రీంకోర్టు అన్నీ తిరిగినయి. 2010 జూలై 8న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ధర నిర్ణయించే అధికారం మండలికి ఉన్నదని చెప్తూనే, ఉత్పత్తిదారుల మాట మళ్లీ విని ధర తేల్చమని పంపించింది.

ఏండ్ల తరబడి ఇంత పెద్ద పంచాయితీ నడిచింది. పెద్ద పెద్ద వకీళ్లు వాదించిండ్రు. ఒక దిక్కు కంపెనీలు, ఒక దిక్కు ట్రాన్స్‌కో, మధ్యలో మండలి. ఆ కరెంటుకు మూలమైన ఊక, తుమ్మ, కందికట్టె, పల్లిపొట్టు ఇచ్చిన మనిషి ఈ కేసులో ఏ దిక్కు నిలబడ్డడు? ఏ దిక్కూ లేడు. ఆయన వాదీ కాడు, ప్రతివాదీ కాడు. ఆయన పేరు మీద ఒక్క కాగితం లేదు.

వెయ్యి రూపాయల టన్ను

అయితే ఆ 2004 ఉత్తర్వులో ఆయనకు సంబంధించిన ఒక వరుస ఉన్నది. ఒక యూనిట్ కరెంటుకు 1.16 కిలోల ఇంధనం పడుతుందని మండలి లెక్క కట్టింది. టన్ను ఇంధనానికి వెయ్యి రూపాయలు వేసింది. ప్లాంటు 80 శాతం సామర్థ్యంతో నడుస్తుందని పట్టుకున్నది.

మన పిల్లలు అమీర్‌పేటలో లెక్కల షార్ట్‌కట్లు నేర్చుకుంటున్నరు. ఈ లెక్క కూడా ఒకసారి చేసి చూడండి. ఆరు మెగావాట్ల ప్లాంటు ఏడాది పొడుగునా 80 శాతం నడిస్తే సుమారు 4 కోట్ల 20 లక్షల యూనిట్లు వస్తయి. దానికి దాదాపు 48,800 టన్నుల ఇంధనం కావాలె. టన్నుకు వెయ్యి చొప్పున ఏడాదికి 4 కోట్ల 88 లక్షల రూపాయలు. ట్రాక్టరుకు మూడు టన్నులు వేసుకుంటే రోజుకు నలభైకి పైగా ట్రాక్టర్ల సరుకు.

అంటే ఒక్క ప్లాంటు చుట్టున్న ఊర్ల నుంచి ఏటా దాదాపు ఐదు కోట్ల సరుకు పోతదని సర్కారు కాగితమే ఒప్పుకున్నది. ఆ వెయ్యి రూపాయలను ప్లాంటుకు అయ్యే ఖర్చుగా లెక్కేసి కరెంటు ధరలో కలిపింది. బాగున్నది. మరి అదే వెయ్యిలో చేను గట్టు మీద రైతుకు ఎంత? తుమ్మ కొట్టి చేతులకు ముండ్లు గుచ్చుకున్న కైకిలామెకు ఎంత? ట్రాక్టరుకు ఎంత? దళారికి ఎంత? ఈ నాలుగు ప్రశ్నలకు ఉత్తర్వులో వరుస లేదు. ప్లాంటుకు కనీస ధర ఖాయం. ఊరికి మాత్రం దళారి నోట్లోంచి వచ్చిందే ధర.

ఊక సంగతి ఇంకా సక్కదనం. క్వింటాలు వడ్లలో ఇరవై కిలోల దాకా ఊక ఉంటది. రైతు వడ్లు అమ్ముతడు. మర పట్టినంక సర్కారు బియ్యం సర్కారుకు పోతయి, తవుడు, ఊక మిల్లు దగ్గరనే ఉంటయి. మిర్యాలగూడ మిల్లుల ముందర గుట్టలుగా పోసిన ఊక ఒకప్పుడు తీసుకపోయే దిక్కులేని చెత్త. బయోమాస్ ప్లాంట్లు వచ్చినంక అది సరుకు అయింది. చెత్త సరుకుగా మారినప్పుడు పెరిగిన విలువలో పండించినోడికి పైసా అయినా రావాలె కదా? రాలేదు. మిల్లు గేటు లోపలే ఆ విలువ పుట్టింది, అక్కడే పంపకం అయింది. ఊక కాలితే ఐదో వంతు బూడిద మిగులుతది. ఆ బూడిద మాత్రం పంజాగుట్టకు పోలేదు. ఊరి పక్కనే పోసిండ్రు.

మాకు వచ్చే జవాబులు

ఈ మాటలు మాట్లాడితే మాకు మూడు జవాబులు వస్తయి. మూడూ విన్నం.

మొదటిది: "కరెంటు మీ ఊరి సబ్‌స్టేషన్‌కే కదా ఎక్కేది?" నిజమే. తీగలో పోయే కరెంటుకు ఊరి పేరు రాసి ఉండదు. ఊరి పక్క ప్లాంటు కరెంటు ముందుగా ఊరి చుట్టుపక్కలకే అందుతదని మాకూ తెలుసు. మేం అడుగుతున్నది తీగ సంగతి కాదు, పైసల సంగతి. అయినా గుర్తు చేస్తున్నం. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు మీద అసెంబ్లీకి పోతున్న జనం మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగినయి. ముగ్గురు ప్రాణాలు విడిచిండ్రు. యూనిట్ మీద పైసా పెరిగితే ఊరు లెక్క అడిగిన రాష్ట్రం ఇది. అదే ఊరు తన తుమ్మ మీద లెక్క అడిగితే వింతగా చూస్తరెందుకు?

రెండోది: "కంపెనీలు కూడా నష్టపోయినయి, ప్లాంట్లు మూతపడ్డయి." అది కూడా నిజమే. ఇంధనం ధర పెరిగింది, కరెంటు ధర దానితో సమంగా పెరగలేదని ప్లాంట్లోళ్లు మొత్తుకున్నరు. కానీ ఇంధనం ఎందుకు కరువైంది? ప్లాంటు పక్కన ప్లాంటు పడి ఒకే తుమ్మ కోసం, ఒకే ఊక కోసం కొట్లాడుకుంటే దళారికి పండుగ. ఊరి రైతు సంఘంతోనో, మహిళా సంఘంతోనో ఐదేండ్లకు ధర రాసుకొని ఉంటే ప్లాంటుకు సరుకు ఖాయంగా ఉండేది, ఊరికి పైసలు ఖాయంగా ఉండేవి. ఊరిని లెక్కలో వేయకపోవడం వల్ల ఊరు ఒక్కటే నష్టపోలేదు.

మూడోది మాకు బాగా అలవాటైన జవాబు: "ఇది కూడా మీకు ఆంధ్ర, తెలంగాణ పంచాయితీయేనా?" కాదు. గోదావరి జిల్లాల రైతు ఊకకు కూడా ఇదే గతి పట్టింది. పంజాగుట్ట నాలుగో అంతస్తు అన్ని జిల్లాల చిట్టీలనూ ఒకే తీరుగా తిప్పి పంపింది. ఊరు పండించాలె, పట్నం లెక్క రాయాలె అన్న పద్ధతి మీదనే మా కొట్లాట. ఆ పద్ధతి మీద కోపంతోనే మేం ఉద్యమంలోకి వచ్చినం.

పవర్‌గూడ ఏం చెప్పింది?

ఊరికి నేరుగా మద్దతు ఇచ్చుడు అసాధ్యం అంటరా? ఉమ్మడి ఆదిలాబాద్ జైనూర్ దిక్కు పవర్‌గూడ అనే చిన్న ఆదివాసీ గూడెం ఉన్నది. ఐటీడీఏ, ఇక్రిశాట్ తోడు నిలిస్తే అక్కడి ఆడోళ్ల సంఘాలు 2002లో నాలుగున్నర వేల కానుగ మొక్కలు పెట్టినయి. కానుగ నూనె డీజిల్‌కు బదులుగా వాడితే ఎంత బొగ్గుపులుసు వాయువు తగ్గుతదో పదేండ్లకు లెక్క కట్టిండ్రు. 147 టన్నులు తేలింది. 2003 అక్టోబర్‌లో ప్రపంచ బ్యాంకు వాషింగ్టన్‌లో పెట్టిన ఒక సదస్సు వల్ల పుట్టిన కాలుష్యానికి పరిహారంగా ఆ 147 టన్నులు కొని, 645 డాలర్లు గూడెం సంఘాలకు చెల్లించింది.

645 డాలర్లు పెద్ద సొమ్మేం కాదు. పంజాగుట్టలో ఒక పెద్దాఫీసు ఒక నెల కరెంటు బిల్లుకు కూడా చాలకపోవచ్చు. ప్రపంచ బ్యాంకును మేం పొగడడం లేదు, కరెంటు సంస్కరణల పేరుతో దాని షరతులు మన నెత్తిన ఏం తెచ్చినయో మాకు తెలుసు. కానీ ఇక్కడ ఒక్కటి గమనించాలె. ఆ సొమ్ము సంఘం పేరు మీద వచ్చింది. చెట్టు ఎవరిదో, లెక్క వాళ్లదే అయింది. మధ్యలో కాంట్రాక్టరు లేడు.

దాని పక్కన ఇది పెట్టి చూడండి. 2005లో క్యోటో ఒప్పందం అమల్లోకి వచ్చినంక మన రాష్ట్రపు బయోమాస్ ప్లాంట్లు చాలా వరకు కార్బన్ క్రెడిట్ల కోసం నమోదైనయి. ఆ దరఖాస్తుల్లో చుట్టుపక్కల పల్లెలకు అదనపు ఆదాయం వస్తదని రాసుకున్నరు. క్రెడిట్లు కంపెనీల పేరు మీద వచ్చినయి. పల్లెకు వచ్చిన ఆదాయం ఎంతో పల్లెను కూసోబెట్టి చెప్పినోళ్లను మేం చూడలేదు.

బీహార్‌లో తమ్‌కుహా అనే పల్లెలో 2007లో కొందరు యువకులు చిన్న ఊక ప్లాంటు పెట్టి ఆ ఊరికే తీగలు లాగి దీపాలు వెలిగించిండ్రు. ఊక ఆ ఊర్లదే, దీపం ఆ ఊర్లదే. ఇట్లాంటివి చేయలేమని కాదు. నాంపల్లి నుంచి చూస్తే మెగావాట్ కనిపిస్తది, మోపు కనిపించదు. అదే అసలు రోగం.

బోర్డు మారింది

2011 సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె చేసినం. విద్యుత్ ఉద్యోగులు, సింగరేణి కార్మికులు, బడి పంతుళ్లు అందరూ పని బంద్ పెట్టి నిలబడ్డరు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. నెడ్‌క్యాప్ పాత్ర మన వాటాకు టీఎస్ రెడ్‌కో అయింది. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది, అది టీజీ రెడ్‌కో అయింది. బోర్డు మీద అక్షరాలు రెండుసార్లు మారినయి. మోపుకు లెక్క మాత్రం ఇప్పటికీ లేదు.

ఇంతలో ఊర్లలో బయోమాస్ తగ్గలేదు, గుట్టలుగా పెరిగింది. వరి ఎంత పెరిగిందో చూస్తూనే ఉన్నం. హార్వెస్టర్ కోసినంక మిగిలిన గడ్డిని రైతు కాలబెడుతున్నడు. పత్తికట్టెను పీకి ఒడ్డున పోసి అగ్గి పెడుతున్నడు. కైకిలి ఇచ్చి కూడబెట్టి అమ్మితే కూలి కూడా వెళ్లదని ఆయన లెక్క. ఆ లెక్క తప్పు కాదు. పొగ మీద ఆయనకు నీతులు చెప్పేటోళ్లు గడ్డికి గట్టు మీద ధర ఎందుకు లేదో ముందు చెప్పాలె.

2021 అక్టోబర్‌లో కేంద్ర విద్యుత్ శాఖ బొగ్గు ప్లాంట్లలో 5 శాతం బయోమాస్ గుళికలు కలిపి కాల్చాలన్నది. 2022 నవంబర్‌లో కేంద్రం జాతీయ బయో ఎనర్జీ కార్యక్రమం తెచ్చి మొదటి దశకు 858 కోట్లు పెట్టింది. ఆ మార్గదర్శకాల్లో గుళికలు చేసే మిషన్‌కు గంటకు టన్ను సామర్థ్యం మీద 9 లక్షలు, ఒక్కో ప్లాంటుకు 45 లక్షల దాకా సాయం అని రాసిండ్రు. మళ్లీ అదే చూపు. 1997లో మెగావాట్ మీద కొలిచిండ్రు, 2022లో మిషన్ మీద కొలిచిండ్రు. రైతు దగ్గర కొన్న టన్ను మీద కొలవాలని పాతికేండ్ల తర్వాత కూడా తోచలేదు.

రాష్ట్రం తెచ్చుకున్నది పిస్గా కాంప్లెక్స్‌లో బోర్డు మార్చడానికి కాదు. వలస పాలకులు కొలిచిన కొలతతోనే మన పాలకులు కూడా కొలిస్తే, మనం మార్చింది చేతిని మాత్రమే, తక్కెడను కాదు.

మేం అడుగుతున్నది

దానం అడగడం లేదు. ఐదు మాటలు అడుగుతున్నం.

ఒకటి: బయోమాస్ కరెంటుకు ధర కట్టే ప్రతి ఉత్తర్వులో గట్టు మీద రైతుకు ముట్టాల్సిన కనీస ధర రాయాలె. ప్లాంటుకు ఇంధనం ఖర్చు ఇచ్చేటప్పుడు, ఆ ఖర్చు ఎవరికి ముట్టిందో రుజువు చూపించమనాలె.

రెండు: కాంటా చిట్టీ ఎవరి పేరు మీద ఉంటే పైసలు వాళ్లకే, నేరుగా బ్యాంకు ఖాతాలో పడాలె. వడ్ల పైసలు రైతు ఖాతాలో వేయగలిగిన సర్కారుకు తుమ్మ పైసలు వేయడం కష్టమేం కాదు.

మూడు: సరుకు సరఫరా ఒప్పందం ఊరి మహిళా సంఘంతోనో, రైతు సంఘంతోనో ఉంటేనే సబ్సిడీ. దళారితో ఉంటే రూపాయి ఇయ్యొద్దు.

నాలుగు: ప్లాంటు పడేముందు గ్రామసభ పెట్టాలె. ఎంత సరుకు పోతది, ఎంత బూడిద మిగులుతది, ఎన్ని కొలువులు వస్తయి అన్నది తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించాలె.

ఐదు: చిట్టీ పట్టుకొని వచ్చినోడు దరఖాస్తు ఇచ్చేందుకు రెడ్‌కోలో ఒక కిటికీ ఉండాలె. ఒక్క కిటికీ, ఒక్క మనిషి, ఒక్క రిజిస్టరు.

ఈ ఐదింటికీ కొత్త సాంకేతికత అక్కరలేదు, వాషింగ్టన్ అప్పు అక్కరలేదు. విద్యుత్ సౌధలో, రెడ్‌కోలో, నియంత్రణ మండలిలో పనిచేసే మన ఉద్యోగులకు ఒక మాట. సకల జనుల సమ్మెలో మీరు ఊరి కోసం జీతం వదులుకున్నరు. ఇప్పుడు మీ టేబుల్ మీదికి వచ్చే బయోమాస్ ఫైలులో ఒక వరుస కలపండి చాలు. అమీర్‌పేటలో చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక మాట. రేపు మీరు ఏఈ అయి కుర్చీలో కూసున్ననాడు బిట్టులో రాని సగాన్ని గుర్తుంచుకోండి.

ఇప్పుడు అమీర్‌పేట మీదుగా మెట్రో పోతున్నది. పంజాగుట్టలో అద్దాల బిల్డింగులు ఇంకా పెరిగినయి. మా చిన్నాయన ఎప్పుడన్న పట్నం వస్తే ఆ దారిలోనే పోతడు. ఆ నాలుగో అంతస్తు దిక్కు చూసి, 2006లో బస్టాపులో అడిగిన మాటే మళ్లీ అడుగుతడు: "బిడ్డా, సర్కారు ఆఫీసు ఏదన్న పెట్టిండ్రా?"

సొంత రాష్ట్రం వచ్చినంక కూడా ఆయనకు లేదు అని చెప్పాల్సి వస్తున్నది. పాలకులారా, ఆ జవాబు మా నోట ఇంకెన్నేండ్లు చెప్పిస్తరు?